మా గింజ ఆపుకోదు

ఆ వానాకాలం మా ఇంట్లో ఎటు చూసినా చెడ్డీలే. పొయ్యి పైన కట్టిన తాడు మీద ఆరు, మంచం కోడుకి నాలుగు, కిటికీ ఊచలకి రెండు. అరచేయంత చెడ్డీలు. ఆరాయనుకుని తీస్తే చల్లగా తగిలేవి, ముక్కిపోయిన వాసన కొట్టేవి. పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడిచేసి ఒక్కొక్కదాన్నీ ఆరబెట్టేదాన్ని. బుస్సున ఆవిరి లేచేది. ఆ ఆవిరిలో నిలబడి నా కూతుర్ని తిట్టేదాన్ని.

దానికప్పుడు మూడేళ్ల రెండు నెలలు. పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా తూగలేదని నర్సు "గింజంత ఉందమ్మా" అంది. ఆ పేరే నిలిచిపోయింది. ఏడాదిన్నరకే మా అత్తయ్య దానికి అన్నీ అలవాటు చేసేసింది. రెండేళ్లు నిండేసరికి ఒకటొచ్చినా రెండొచ్చినా తనే చెప్పేది, తనే వెళ్లి కూర్చునేది. కూరగాయల బండి దగ్గర ఎవరు దొరికినా అత్తయ్య ఈ సంగతి చెప్పకుండా వదిలేది కాదు. "మూడుసార్లు గట్టిగా గుడ్లురిమి చూశాను, అంతే" అనేది.

వానలు మొదలైన వారానికి మా ఆడపడుచుకి నెలలు నిండకుండానే కాన్పయింది. అత్తయ్య సంచి సర్దుకుని, బస్సులో ఆరు గంటలు పట్టే ఆ ఊరికి వెళ్లిపోయింది. మా ఆయన బ్రెడ్ల కంపెనీ వ్యాను నడుపుతాడు, తెల్లారకముందే వెళ్లాలి. నేను చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు అతికిస్తాను. ఫ్యాక్టరీ కింది అంతస్తులోనే పిల్లల గది ఉంది. గింజని అక్కడ చేర్చాను.

మొదటి వారం ఏ గొడవా లేదు. రెండో వారం సంచిలో ఒక తడి చెడ్డీ కనిపించింది. తర్వాత రోజూ కనిపించింది. ఆ తర్వాత ఇంట్లోనూ మొదలైంది. చాప మీద, వ్యాను సీటు మీద, మెట్ల మీద. ఆఖరికి రెంటికి కూడా చెప్పడం మానేసింది. చెడ్డీలో ఎప్పుడు చూసినా కొంచెం మరక.

"ఇదేంటే?" అంటే "నేను కాదు" అనేది.

"నువ్వు కాకపోతే ఎవరు?"

"అదే వచ్చింది."

ఒకరోజు చెప్పుల షాపులో కొత్త చెప్పులు తొడిగి చూస్తుండగానే తడిపేసింది. షాపువాడు మొహం చిట్లించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఒక్క నిమిషం ఆపుకోలేవూ?" అని అందరి ముందూ దాని తొడ మీద ఒక్కటేశాను. అది ఏడవలేదు. రెండు కాళ్లూ దగ్గరికి ముడుచుకుని, పెదవి బిగించి, గోడకేసి చూస్తూ నిలబడింది. ఆ నిలబడటం ఎక్కడో చూసినట్టే అనిపించింది. ఎక్కడో ఆలోచించే ఓపిక నాకప్పుడు లేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఫ్రాకుకి పిన్నీసుతో పెట్టిన కాగితం బొమ్మతో వచ్చింది. నీలం స్కెచ్‌పెన్నుతో గీసిన కుళాయి, దాని కింద మూడు చుక్కలు.

"నాకిచ్చారు" అంది ఛాతీ ముందుకు పెట్టి.

మురిసిపోయి బీరువా తలుపుకి అంటించాను. మర్నాడు ఇంకోటి. శుక్రవారానికి నాలుగయ్యాయి. మా ఆయన "మన గింజకి బహుమతులే బహుమతులు" అని దాన్ని భుజాల మీదికెత్తుకుని గదంతా తిప్పాడు. అది కిలకిలా నవ్వింది. శనివారం మాత్రం ఐదో బొమ్మని నాకు చూపించలేదు. గుప్పిట్లో నలిపి తెచ్చి మంచం కింద పడేసింది.

నా పక్క మిషన్ మీద కాజాలు వేసే అక్క మనవడు కూడా ఆ పిల్లల గదిలోనే ఉండేవాడు. సోమవారం అన్నాల వేళ అడిగాను. "అక్కా, మీవాడికి ఎన్ని కుళాయిలొచ్చాయి?"

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అదేంటమ్మా, నీకు తెలీదా? తడుపుకున్న పిల్లలకి పెడతారవి. సాయంత్రం దాకా తియ్యనివ్వరు. మిగతా పిల్లలు కుళాయి, కుళాయి అని వెంటపడుతుంటారు."

డబ్బా మూత కూడా పెట్టకుండా కిందికి పరిగెత్తాను. పిల్లల గదిలో పద్దెనిమిది మంది. పదిహేడుగురు చాపల మీద కూర్చుని తింటున్నారు. నా కూతురు కిటికీ పక్క స్టూలు మీద ఒక్కతే ఉంది, ఛాతీ మీద కుళాయి. ఎదురుగా బాత్రూము తలుపుకి తాళం వేసుంది.

"తాళమెందుకు వేశారు ఆయమ్మా?"

ఆయమ్మ చెడ్డది కాదు. నడుంనొప్పి మనిషి, ఒక్కతే పద్దెనిమిది మందినీ చూసుకోవాలి. "పోయినేడు ఒక పిల్లాడు తడి నేల మీద జారి పన్ను విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచీ పైవాళ్లు తాళం పెట్టమన్నారు. పదింటికి, ఒంటిగంటకి, నాలుగింటికి తీస్తాను. అందర్నీ ఒకేసారి తీసుకెళ్తాను. మధ్యలో అడిగితే ఆపుకోమంటాను. ఏం చెయ్యమంటావు? నాకున్నవి రెండే చేతులు."

"మరి ఈ బొమ్మ?"

"సిగ్గేస్తే నేర్చుకుంటారని ఆఫీసు మేడమ్ చెప్పింది."

పిన్నీసు తీసి బొమ్మని ఆయమ్మ చేతిలో పెట్టాను. "మా గింజకి ఇంకెప్పుడూ పెట్టకండి. ఏ పిల్లకీ పెట్టకండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంటికెళ్లి బీరువా మీద బొమ్మలు పీకేస్తుంటే గింజ నా కాళ్లు పట్టుకుని "నేను మంచిదాన్నేనా?" అని అడిగింది. దాన్ని కొట్టిన చెయ్యే నాకు అప్పుడు గుర్తొచ్చింది. "నువ్వు మంచిదానివే. అమ్మకే తెలీలేదు" అన్నాను. ఆ మాట నా నోట అంతవరకూ ఎవరి దగ్గరా రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. నా చెయ్యి పట్టుకుని ఎడమవైపు కింద పెట్టించింది. లోపల గట్టిగా, గులకరాళ్ల సంచిలా తగిలింది.

"ఇది మొండితనం కాదమ్మా, బద్ధకమూ కాదు. రెంటికి వచ్చినప్పుడల్లా ఆపుకుని ఆపుకుని లోపల గడ్డకట్టిపోయింది. కొత్తగా వచ్చేది దాని పక్కనుంచి కారుతోంది. కారుతున్నట్టు పిల్లకి తెలీదు. ఆ గడ్డ ఒత్తిడికి ఒకటి కూడా ఆగదు. అదే వచ్చిందని అంటోందన్నావు చూడు, నిజమే చెప్తోంది."

మందు రాసిచ్చింది. నీళ్లు బాగా తాగించమంది. తిన్న ప్రతిసారీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టమంది, కాళ్లు వేలాడకుండా కింద పీట వెయ్యమంది. వచ్చినా రాకపోయినా ఒక్క మాట అనకూడదు. తడిపితే మార్చేసి ఊరుకోవాలి. "అన్నిటికంటే ముఖ్యం, వస్తోందంటే ఆ క్షణమే తీసుకెళ్లాలి. నెలలు పట్టొచ్చు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. కంగారు పడకు."

అన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టింది. పెన్ను మూత పెడుతూ నావైపు చూసింది. "నువ్వు రోజుకెన్నిసార్లు వెళ్తావు?"

"పొద్దున బయల్దేరేముందు. సాయంత్రం ఇంటికొచ్చాక."

"మధ్యలో?"

ఏం చెప్పను? మా లైనులో నలభై మంది ఆడవాళ్లం. లైనుకి ఒక్కటే ఎర్ర కార్డు. సూపర్‌వైజరు బల్ల పక్క మేకుకి వేలాడేది. అది మెడలో వేసుకున్నవాళ్లే బాత్రూముకి వెళ్లాలి. వాళ్లొచ్చాక ఇంకొకరు. సూపర్‌వైజరు వాచీ చూసి టైము రాసుకునేవాడు. ఆయన్ని మేమంతా గడియారం అనేవాళ్లం. ఎందుకొచ్చిన గొడవని నీళ్లు తాగడమే మానేశాను. కాళ్లు దగ్గరికి ముడుచుకుని, పెదవి బిగించి కాలర్లు కుట్టేవాళ్లం. చెప్పుల షాపులో గింజ ముడుచుకున్న తీరు నేను అంతకుముందు చూసింది ఇక్కడే, రోజూ, నా చుట్టూ.

డాక్టరమ్మ కాగితం తీసుకెళ్లి ఆఫీసు మేడమ్‌కి ఇచ్చాను. ఆమె చివరిదాకా చదివి, మడత పెట్టి నా వైపు జరిపింది.

"ఒక్క పిల్ల కోసం తాళం తియ్యలేం. అలవాటైన పిల్లలనే చేర్చుకుంటామని ఫారంలో ఉంది. మీ అమ్మాయికి కాలేదు. ఈ నెలాఖరు దాకా చూస్తాం. తర్వాత ఇంట్లో పెట్టుకోండి."

"అయింది మేడమ్. ఇక్కడికొచ్చాక పోయింది."

"మీరెళ్లొచ్చు" అంది.

మా ఆయన ఫోనులో వాళ్లమ్మకి అంతా చెప్పేశాడు. అత్తయ్య శనివారం సాయంత్రం దిగింది. గొడుగు మూయకుండానే గుమ్మంలో నిలబడి గదిలో ఆరేసిన చెడ్డీలన్నీ లెక్కపెట్టింది.

"పన్నెండు! నేను బంగారంలా చేతిలో పెట్టి వెళ్లాను. నలభై రోజుల్లో నేలపాలు చేశావు."

"నేను చెయ్యలేదు అత్తయ్యా."

"ఎవరు చేస్తేనేం? పిల్లని నాతో తీసుకెళ్తాను. అక్కడే ఉంటుంది ఆర్నెల్లు. మళ్లీ దారిలో పెట్టి తీసుకొస్తాను. వాడూ సరేనన్నాడు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు. "మేడమ్ నెలాఖరన్నారుగా. వేరే దారేముంది?" అన్నాడు.

అత్తయ్య అప్పటికే గింజ ఫ్రాకులు మడతపెట్టి సంచిలో పెడుతోంది. నేను వెనకాలే నిలబడి ఒక్కొక్కటీ బయటికి తీశాను. ఆవిడ పెట్టడం, నేను తియ్యడం. నాలుగు ఫ్రాకుల దాకా అలాగే సాగింది.

"పంతమా?" అంది అత్తయ్య.

"పంతమే. తడుపుకుంది కాబట్టి అమ్మ పంపించేసిందని అది బతికున్నంత కాలం అనుకోవాలా? దాని తప్పేమీ లేదు. అది ఎక్కడికీ వెళ్లదు."

"అయితే ఇంట్లో కూర్చుని చూసుకుంటావా? ఉద్యోగం మానేస్తావా?"

"అదీ మానను."

అంతలో బీరువా సందులోంచి చిన్న మూలుగు వినిపించింది. గింజ అక్కడ గోడకి నుదురు ఆనించి, కాళ్లు పెనవేసుకుని, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. వస్తున్నదాన్ని రాకుండా బలం కొద్దీ ఆపుకుంటోంది. అత్తయ్య దగ్గరికెళ్లి "రా తల్లీ, వెళ్దాం" అంటే "ఇప్పుడు టైము కాదు" అంది.

అత్తయ్య అక్కడే నేల మీద కూలబడింది. నేను గింజనెత్తుకెళ్లి కూర్చోబెట్టాను. కాళ్ల కింద పీట వేశాను. పావుగంట దాని చేతులు పట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి అత్తయ్య అక్కడే ఉంది.

మా అత్తయ్య ఇరవై రెండేళ్లు సినిమా హాల్లో టికెట్లమ్మింది. ఆ సంగతి నాకు తెలుసు. మిగతాది తెలీదు.

"చెయ్యి పట్టేంత కన్నమున్న గది అది. బయటినుంచి గడియ పెట్టేవాళ్లు, డబ్బుంటుంది కదా అని. ఒక ఆటకి టికెట్లన్నీ అయిపోతేనే తీసేవాళ్లు. నీళ్లు తాగేదాన్ని కాదు. రెండుసార్లు ఆస్పత్రిలో పడ్డాను. ఎవరికీ చెప్పలేదు, మీ మావయ్యగారికి కూడా. ఏమని చెప్పను?" చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆపుకోవడమే గొప్ప అనుకున్నాను. దానికీ అదే నేర్పాను కాబోలు."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. సంచిలో మిగిలిన రెండు ఫ్రాకులూ ఆవిడే బయటికి తీసింది.

సోమవారం పదకొండింటికి నాకొచ్చింది. డాక్టరమ్మ చెప్పినప్పట్నుంచీ గింజతో పాటు నేనూ నీళ్లు తాగుతున్నాను. మేకు ఖాళీగా ఉంది. కార్డు లైను చివరి అమ్మాయి మెడలో ఉంది, ఆమె తర్వాత ఇంకా ముగ్గురు వరసలో ఉన్నారు. చేతిలో కాలరు సగం కుట్టు మీదుంది. దాన్ని పూర్తి చేసి, దారం కత్తిరించి, మిషన్ ఆపి లేచాను.

గడియారం అడ్డొచ్చాడు. "ఎక్కడికి? కార్డేది?"

"కార్డుకి రాలేదు సార్. నాకొచ్చింది."

నవ్వించాలని అనలేదు. అయినా ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన పక్కకి జరగలేదు. నేనే పక్కనుంచి వెళ్లాను. వెళ్లి, చేతులు కడుక్కుని, అటునుంచి అటే కిందికి దిగాను. "తాళం ఇవ్వండి ఆయమ్మా" అన్నాను. ఆయమ్మ నా మొహం చూసింది, పైకి మెట్ల వైపు చూసింది, నడుంకి దోపుకున్న తాళంచెవి తీసిచ్చింది. గింజని తీసుకెళ్లాను. వెనకాలే ఇంకో ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని వచ్చారు. వాళ్లనీ కూర్చోబెట్టాను. అంతా కలిపి తొమ్మిది నిమిషాలు. పైకొచ్చి మళ్లీ కాలరు అందుకున్నాను.

రెండింటికి మళ్లీ లేచాను. ఈసారి కాజాల అక్క కూడా లేచింది. "నాకూ రాలేదనుకున్నావా?" అంది. మంగళవారం ఆరుగురం లేచాం. కార్డు మేకుకే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

బుధవారం మా ఆరుగురికీ మెమోలొచ్చాయి. కార్డు లేకుండా పని స్థలం వదిలి వెళ్లినందుకు కారణం రాతపూర్వకంగా తెలపాలి. మా ఆయన దాన్ని మూడుసార్లు చదివి మంచం మీద కూర్చుండిపోయాడు. "క్షమించమని రాసెయ్. ఒక్క ముక్కతో పోతుంది" అన్నాడు.

"నువ్వూరుకోరా" అంది అత్తయ్య. "కాగితం తే అమ్మాయ్. నేను చెప్తాను, రాయి. ఇలాంటివాటికి మర్యాదగా, గ్రాంథికంగా రాయాలి. అయ్యా, మూత్రము వచ్చినందున వెళ్లితిని. మరల వచ్చినచో మరల వెళ్లుదును. ఇట్లు, విధేయురాలు."

నేను కలం పట్టుకుని నవ్వలేక చచ్చాను. మా ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ లేచి గింజ దగ్గరికెళ్లి, దాని తడి చెడ్డీ విప్పి పొడిది తొడిగాడు. ఆ పని ఆయన చెయ్యడం అదే మొదలు. ఒక కాలి సందులో రెండు కాళ్లూ దూర్చాడు. ఎవరం సరిచెయ్యలేదు.

అక్షరం మార్చకుండా అలాగే రాసిచ్చాను. కాజాల అక్క చూసి రాసుకుంది. ఆమెని చూసి పక్కామె. మెమోలొచ్చింది ఆరుగురికే. శుక్రవారం సాయంత్రానికి మేడమ్ బల్ల మీద నలభై కాగితాలున్నాయి. నలభైలోనూ అవే రెండు వాక్యాలు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. మేడమ్ ఒక్కొక్కటీ తిరగేస్తుంటే నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఇదేంటిది? ఎగతాళా?"

"కారణం అడిగారు మేడమ్. కారణం అదే."

అత్తయ్య ఆదివారం బస్సెక్కింది, ఒంటరిగా.

తర్వాత పెద్ద విజయమేమీ జరగలేదు. ఎవరూ వచ్చి చేతులు కలపలేదు. ఒక పొద్దున వెళ్లేసరికి మేకు ఖాళీగా ఉంది, కార్డు లేదు. ఏమైందని మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. పిల్లల గదిలో బాత్రూము తాళం పోయి, పిల్లలకి అందేంత ఎత్తులో గడియ వచ్చింది. నేల మీద గరుకు పట్టా పరిచారు. నన్ను మాత్రం కాలర్ల మిషన్ మీంచి తీసేసి దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి మార్చారు. పదేళ్లు కుట్టిన చేతికి కత్తెర ఇచ్చారు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది. కానీ ఆ బల్ల పిల్లల గది మెట్ల పక్కనే ఉంది. వాళ్లు అది ఆలోచించినట్టు లేరు. నెలాఖరు వచ్చింది, పోయింది. గింజని తీసెయ్యమని మళ్లీ ఎవరూ అనలేదు. అని ఉంటే నా దగ్గర జవాబుంది.

గింజకి ఒక్కసారిగా తగ్గలేదు. తొమ్మిది రోజులు పొడిగా ఉండి పదో రోజు ముంచేసేది. నేను మార్చేసి ఊరుకునేదాన్ని. కొన్నాళ్లు ఊరుకోలేక బయటికెళ్లి నిలబడి వచ్చేదాన్ని. మెల్లగా బీరువా సందులోకి వెళ్లడం మానేసింది. ఒకరోజు లోపల్నుంచి "అమ్మా, పెద్దది!" అని ఇల్లంతా వినపడేలా అరిచింది. మేమిద్దరం పరిగెత్తి వెళ్లి చూసి మెచ్చుకున్నాం.

వానలు వెనకపట్టాక ఒక ఆదివారం ముగ్గురం మా ఆడపడుచు బిడ్డని చూడటానికి బయల్దేరాం. బస్సు కిటకిటలాడుతోంది. దారిలో సగం దూరం వెళ్లాక, ఊరూ పేరూ లేని చోట, గింజ సీటు మీద నిలబడింది.

"అమ్మా, నాకొస్తోంది!" అంది, బస్సంతా వినేలా.

మా ఆయన లేచి డ్రైవరు దాకా తోసుకుంటూ వెళ్లాడు. "అన్నా, ఒక్క నిమిషం ఆపుతారా? పాపకి వస్తోంది."

"ఇంకో ఇరవై నిమిషాల్లో స్టాండు వచ్చేస్తుంది. అందాకా ఆపుకోమనండి."

నేను గింజనెత్తుకుని నిలబడ్డాను. "ఆపాల్సింది పిల్ల కాదు. మీరు. బస్సుని."

ఎవరో విసుక్కున్నారు. ఎవరో "ఆపవయ్యా, చిన్నపిల్ల" అన్నారు. నేను తలుపు దగ్గరికి నడిచి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. నేనూ చూశాను. బస్సు పక్కకి జరిగి ఆగింది.

గింజని దించి గడ్డిలో కూర్చోబెట్టాను. ఎంత తొందరో పాపం, నా చీర కుచ్చిళ్ల మీద కూడా చిందింది. పోనీ అనుకున్నాను. తలెత్తి చూస్తే బస్సు మెట్ల మీంచి ఒక ముసలాయన కర్ర ఆనించుకుంటూ దిగుతున్నాడు. ఆయన వెనకాల కడుపుతో ఉన్న అమ్మాయి, ఆమెకి చెయ్యి అందిస్తూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. "మీరు అడిగారు కాబట్టి సరిపోయిందమ్మా. నేను గంట నుంచీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాను" అందా అమ్మాయి. ఆడవాళ్లు ముగ్గురూ తుప్పల వెనక్కి నడిచారు. ముసలాయన, ఆయన వెనకే ఇంకొందరు మగవాళ్లు రోడ్డు అవతలికి వెళ్లారు.

అందరికంటే చివర, ఇంజను ఆపేసి, డ్రైవరు కూడా దిగాడు.